వేలిముద్ర

కాశీబుగ్గ బస్టాండుకి ఎదురుగా నా నెట్ సెంటర్.
కరెంటు బిల్లులు, హాల్ టికెట్లు, భువనేశ్వర్‌కి తత్కాల్.
నా కీబోర్డుకి తెలిసిన దూరాలు అంతవరకే.

మాఘంలో ఓ మధ్యాహ్నం తామాడ దమయంతి వచ్చి
చెప్పులు గుమ్మం బయట విడిచి
ఫోను నా ముందు పెట్టింది.
నీటి ఒడ్డున వరసగా ఇళ్లు.
పసుపూ, ఎరుపూ, ఇటుకరాయి రంగూ,
డబ్బాల అడుగున మిగిలిందంతా ఎవరో గీకి పూసేసినట్టు.
"ఈ ఊరి పేరేటి బాబూ?"
కోపెన్‌హాగెన్, అన్నాను. రెండోసారికి గాని నాకే నోరు తిరగలేదు.
"అక్కడికి రెండు టికెట్లు. నాకూ, మా తోటికోడలికీ.
మూడు రాత్రులు సాలు."

పన్నెండు రోజుల్లో పదకొండు దేశాలు తిప్పే ప్యాకేజీ చూపించాను,
రాత్రికి పప్పన్నం వాళ్లే పెడతారన్నాను.
"పదకొండిళ్లల్లో సెయ్యి కడుక్కుని ఎక్కడా తినకుండా వచ్చినట్టుంటాది.
ఒక్క ఊరు. నడిసి తిరుగుతాం.
అంతకంటే ఎక్కువుంటే బట్టీ సల్లారిపోద్ది."

జీడిపిక్కల బట్టీ ఆమెది, నాలుగేళ్లుగా సొంతం.
ఏప్రిల్, మే నెలల్లో పిక్క దిగుతుంది, కదలడానికి లేదు.
జూన్ అన్నాను.
జూన్‌లో అక్కడ పదింటిదాకా వెలుతురుంటుందని చదివి చెబితే
అంతవరకూ ఫ్యాను కింద పలక్కుండా కూర్చున్న పుణ్యవతి
"మరి రాత్రుళ్లకి డబ్బెందుకు కట్టాల?" అంది.

ఆ వారమంతా షాపులో అదే ఊరు.
విశాఖలో ఎక్కాలా భువనేశ్వర్‌లోనా, ఢిల్లీలో ఆగాలా దోహాలోనా.
రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే గదికి ఒక రేటు,
రాని గదికి ఇంకో రేటు. రానిదే చవక.
"వచ్చేదే రాయి," అంది దమయంతి.
"తిరిగిరాని డబ్బు సానా సూసినాను."
స్టేషన్ పక్క హోటల్లో స్నానాలగది పంచుకోవాలట.
ఎవరితో, అని పుణ్యవతి. పేరు రాయలేదన్నాను.
కాఫీ ఖరీదు రూపాయల్లోకి మార్చకుండా దాటేద్దామనుకున్నాను,
ఆమె నా భుజం మీంచి చూసి తనే మార్చేసింది, తన లెక్కలోకి:
"కాఫీకి అరకేజీ పప్పు పైమాటే."

వీసా ఫారంలో ప్రయాణం ఎందుకని ఒక గడి.
పర్యాటకం దగ్గర టిక్కు పెట్టాను.
"అదేటి?"
చూడ్డానికి.
"ఆఁ. సూడ్డానికే. ఎవలి పనీ కాదు."

చివరి పేజీలో ఉంది అసలు సంగతి.
మార్చి ఆఖర్న విశాఖ వెళ్లి పది వేళ్లూ మిషను మీద పెట్టాలి.
ఆమె ఏమీ అనలేదు. రెండు చేతులూ తిప్పి బల్ల మీద పెట్టింది.
ఇరవై రెండేళ్లు పరాయి బట్టీల్లో పిక్క కొట్టిన వేళ్లు.
జీడి తాగి, తోలు ఊడి, మళ్లీ పట్టి, మళ్లీ ఊడి,
గీతలు ఎప్పుడో తొక్కల గోతాల్లోకి వెళ్లిపోయాయి.
రేషన్ డిపోలో వేలు పనిచెయ్యదు, డీలరు కన్ను చూపించమంటాడు.
"ఆ దేశం మిషను నన్ను నేనే అంటాదా?"
తెలీదు. తెలీదనే చెప్పాను.

"పదిహేను రోజులు బట్టీ కాడికి రాకు," అంది పుణ్యవతి,
"కొబ్బరినూనె రాయి. గీత మొలవకపోద్దా,
దున్నీసిన మడిలో గడ్డి మొలవట్లేదా?"

ఇప్పుడు రెండ్రోజులకోసారి వస్తోంది.
నా ఆధార్ మిషను మీద ఒక్కో వేలూ పెడుతుంది.
ఎరుపు. ఎరుపు. జేబురుమాలుతో అద్దం తుడుస్తాను. ఎరుపు.

నిన్న ఎడమచేతి ఉంగరపు వేలికి పచ్చ వెలిగింది.
ముగ్గురం దాన్నే చూస్తున్నాం, ఆరిపోయేదాకా.
"ఒక్క ఏలికి ఎన్ని రాత్రులిస్తారు?" అంది దమయంతి.
నా మిషను వేరు, విశాఖలో మిషను వేరు.
ఆ మాట నేను ఎత్తలేదు.
పుణ్యవతి అప్పటికే వేరే సంగతిలో ఉంది,
ఆ నీటిగాలికి చీర నిలుస్తాదా, పిన్నీసులు ఎన్ని కావాలని.